గీజరు పెట్టించుకొను గృహిణికి

చలికాలము వచ్చుసరికి మన యిండ్లలో వేన్నీళ్ళ ప్రసక్తి వచ్చును. ఒకప్పుడు పెరటిలో పెద్ద పొయ్యిమీద గంగాళముతో నీళ్ళు కాగుచుండెడివి. తరువాత రాగి బాయిలర్లు వచ్చినవి. పసిబిడ్డకు తలంటవలెనన్నను, బాలింతకు నీళ్ళు పోయవలెనన్నను, తెల్లవారుజామున లేచి పొగలో కన్నులు నలుపుకొనుచు పొయ్యి నూదుట ఆడువారి వంతుగా నుండెను. ఆ కష్టము నేడు చాలవరకు తీరినది. గోడకు తగిలించిన చిన్న పెట్టె అరగంట లోపల వేడినీరు సిద్ధము చేయుచున్నది. ఈ సౌఖ్యమును ఎవరును కాదనరు. కాని పొయ్యిలోని నిప్పు కంటికి కనబడును. దానియెడల ఎట్లు మెలగవలెనో మన తల్లులు మనకు నేర్పిరి. తీగెలోని విద్యుత్తు కంటికి కనబడదు. అట్టి విద్యుత్తు, తడి నేలపై తడి శరీరముతో తలుపు గడియ వేసికొని మన మొంటరిగా నుండు గదిలోనికి వచ్చుచున్నది. దానిని ఏ దారిని, ఎవరి చేతిమీదుగా లోనికి రానిచ్చుచున్నామో విచారించుట అవసరము.

యంత్రము కొనునప్పుడు ఇంటిల్లిపాదియు అంగడికి పోయి రంగు చూతురు, పేరు చూతురు, బేరమాడుదురు. దానిని అమర్చు పనిని మాత్రము, ఆ పూట ఎవరు దొరికిన వారికి అప్పగించి ఊరకుందురు. యథార్థమునకు ప్రాణమును కాపాడునది యంత్రము కన్న దాని యమరికయే. ఈ యొక్క మాట మనసున నాటుకొన్నచో తక్కిన సంగతులన్నియు సులభముగా బోధపడును.

పేరు వచ్చిన విధము

ఐస్‌లాండు ద్వీపమున భూగర్భము నుండి వేడినీరు పైకి చిమ్ము బుగ్గ యొకటి కలదు. దాని పేరు గేసిర్. 1868వ సంవత్సరమున లండను నగరమున బెంజమిన్ వాడీ మాగన్ అనువాడు స్నానమునకు కావలసిన నీటిని గ్యాసుమంటతో వేడిచేయు యంత్రమును నిర్మించి, ఆ బుగ్గ పేరే దానికి పెట్టెను. నీరు చక్కగా వేడెక్కెడిది గాని ఆ యంత్రమునకు పొగగొట్టము లేదు. మండిన గ్యాసు బయటికి పోవు దారి లేక స్నానపు గదిలోనే నిలుచుటచే అది అపాయకరముగా నుండెను. వేడిచేయుటలో లోపము లేదు. చెడు బయటికి పోవుటకు దారి లేకపోవుటయే లోపము.

నేటి విద్యుత్తు గీజరుకును ఇదే న్యాయము వర్తించును. దానికి పొగ లేదు. కాని దారితప్పిన విద్యుత్తు పోవుటకొక మార్గము కావలెను. ఆ మార్గమునే ఎలక్ట్రీషియనులు “ఎర్తు” అందురు. ఎర్తు లేని గీజరు పొగగొట్టము లేని పొయ్యి వంటిది.

అపాయ మెక్కడ నున్నది?

గీజరు తొట్టిలో నీటి నడుమ వంచిన లోహపు గొట్టమొకటి యుండును. విద్యుత్తు ప్రవహించు సన్నని తీగ ఆ గొట్టములోపల నుండును. తీగకును గొట్టమునకును నడుమ విద్యుత్తును పోనీయని తెల్లని పొడిని దట్టించి నింపుదురు. అది మెగ్నీషియము ఆక్సైడు. గొట్టము చెక్కుచెదరకుండునంతవరకు నీటికి వేడి తగులును గాని విద్యుత్తు తగులదు. అయితే బోరునీరు వాడు ఇండ్లలో ఈ గొట్టముపై సున్నపు పొర పేరుకొనును. పొర మందమైన కొలది లోపలి వేడి నీటికి చేరక గొట్టము మితిమీరి కాగి, కొంతకాలమునకు బీటలు వారును. అప్పుడు నీరు పొడిలోనికి, విద్యుత్తు నీటిలోనికి ప్రవేశించును. యంత్రము అప్పటికిని నీటిని వేడిచేయుచునే యుండవచ్చును. కావున బయటికి ఏ లోపమును తెలియదు.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు ఒత్తిడి 230 వోల్టులు. 2000 వాట్ల గీజరు రమారమి 8.7 ఆంపియర్లు, అనగా 8700 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును తీసికొనును. మనుష్య శరీరమునకు అపాయము కలిగించుటకు 30 మిల్లీ ఆంపియర్లు చాలు. అది గీజరు తీసికొను దానిలో దాదాపు మూడువందలవ వంతు. చర్మము పొడిగా నున్నప్పుడు విద్యుత్తు నంత సులభముగా లోనికి రానీయదు. తడిసినప్పు డా యడ్డు చాలవరకు తొలగిపోవును. స్నానపు గది ఇంటిలోని తక్కిన గదులకన్న ప్రమాదకరమగుట కిదియే కారణము.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్ ఈ విషయమున పరిశోధనలు చేసెను. విద్యుత్తు ప్రవహించు తీగను పట్టుకొన్నవారు తమంతట తాము చేయి విడిపించుకొనగలిగిన మేర యెంతయో అతడు కొలిచెను. పురుషుల విషయమున సగటున 16 మిల్లీ ఆంపియర్లనియు, స్త్రీల విషయమున 10.5 మిల్లీ ఆంపియర్లనియు తేలెను. అంతకు మించినచో కండరములు బిగిసి, వదలవలెనన్నను చేయి వదలదు. పురుషుడు తప్పించుకొనగలిగిన చోట స్త్రీ తప్పించుకొనలేక పోవచ్చునన్న మాట. పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. కావున ఇది “మగవారి వ్యవహారము” అని స్త్రీలు తొలగియుండదగినది కాదు.

మూడవ తీగ

గీజరు ప్లగ్గునకు మూడు ముళ్ళుండుట అందరును చూచియుందురు. రెండింటి గుండా విద్యుత్తు వచ్చిపోవును. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రలు. పైనున్న లావుపాటి ముల్లు ఎర్తుది. అది తక్కిన రెండింటికన్న పొడవుగా నుండుటకు కారణము కలదు. ప్లగ్గు పెట్టునప్పుడు ఎర్తు అన్నిటికన్న ముందు తగులవలెను, తీయునప్పుడు అన్నిటికన్న వెనుక విడవలెను. మూడవ ముల్లును విరిచి, రెండు రంధ్రముల సాకెట్టులో ప్లగ్గును దూర్చువారు తమ రక్షణను తామే విరిచికొనుచున్నారు.

ఎర్తు తీగ సాకెట్టు దగ్గర ముగియరాదు. అది గోడల వెంట సాగి మెయిను బోర్డును చేరి, అక్కడినుండి భూమిలో పాతిన లోహమును చేరవలెను. సాధారణముగా రెండున్నర మీటర్ల పొడవుగల జింకుపూత ఇనుప గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు నింపుదురు. నేల తడిగా నున్ననే విద్యుత్తు భూమిలోనికి చక్కగా పోవును; కావున వేసవిలో ఆ గుంటలో అప్పుడప్పుడు నీళ్ళు పోయుట మంచిది. తులసికోటకు నీళ్ళు పోయు చేతితోనే దీనికిని పోయవచ్చును.

పాత యిండ్లలో అనేక గదులకు ఈ మూడవ తీగ అసలే యుండదు. అట్టి చోట కొందరు పనివారు రెండు విధములైన అడ్డుదారులు తొక్కుదురు. సాకెట్టు వెనుక ఎర్తు స్థానమును న్యూట్రలుతో చిన్న తీగముక్కచే కలుపుట యొకటి. ఎక్కడనైన న్యూట్రలు తెగిన క్షణమున గీజరు లోహభాగమంతయు ఫేజుతో నిండిపోవును. ఇంతకన్న ఎర్తు లేకుండుటయే నయము. ఎర్తు తీగను నీటి గొట్టమునకు చుట్టుట రెండవది. నేటి గొట్టములు ప్లాస్టిక్కువి; వాని గుండా విద్యుత్తు భూమిని చేరదు. ఇనుప గొట్టములున్న యింటిలోనైనచో పొరుగు వాటా వారి కుళాయికిని షాకు ప్రాకును.

“ఎర్తు లేకపోయినా పనిచేస్తుందమ్మా” అని పనివాడు చెప్పిన మాట అబద్ధము కాదు. నిజముగనే పనిచేయును. చిక్కంతయు అందే యున్నది.

ఇద్దరు కావలివారు

మెయిను బోర్డులో చిన్న మీటల వంటి బ్రేకర్లు కలవు. వానిని ఎం.సి.బి. అందురు. తీగ మోయగలిగినదానికన్న ఎక్కువ విద్యుత్తు ప్రవహించినప్పుడును, ఫేజు న్యూట్రలు ఒకదానికొకటి తగిలినప్పుడును అవి పడిపోవును. అవి తీగను కాపాడును, ఇల్లు అంటుకొనకుండ కాపాడును. మనిషిని కాపాడునవి మాత్రము కావు. 16 ఆంపియర్ల బ్రేకరు దృష్టికి 30 మిల్లీ ఆంపియర్లు లెక్కలోనికి రావు. “మెయినులో బ్రేకరుంది గదమ్మా, ఇంక భయమెందుకు?” అను మాట విని తృప్తిపడరాదు.

మనిషిని కాపాడు కావలివాడు వేరే కలడు. వాని పేరు ఆర్.సి.సి.బి. ఫేజు గుండా వెళ్ళిన విద్యుత్తు న్యూట్రలు గుండా తిరిగి వచ్చుచున్నదా లేదా యని అది నిరంతరము లెక్క చూచుకొనుచుండును. లెక్క తగ్గినచో, ఆ తగ్గినది ఎవరి శరీరము గుండానో భూమిలోనికి పోవుచున్నదని యెంచి క్షణములో నాలుగవ వంతైనను గడవకముందే విద్యుత్తును ఆపివేయును. ఇండ్లకు 30 మిల్లీ ఆంపియర్ల రకము ఉండవలెను. ఆ సంఖ్య దానిపై అచ్చువేసి యుండును. వంద, మూడువందలు అని యున్నవి మనిషి రక్షణకు పనికిరావు. దానిపై “టి” అని వ్రాసిన మీట నెలకొకసారి నొక్కి చూడవలెను. నొక్కగానే ఆ బోర్డు క్రింది దీపములన్నియు ఆరిపోవలెను. ఆరనిచో దానిని వెంటనే మార్పించవలెను.

ఇందులో రెండు సంగతులు మరువరాదు. ఆ మీట నొక్కి చూచుట కావలివాడు మేలుకొని యున్నాడని మాత్రమే తెలుపును. ఇంటిలో ఎర్తు ఉన్నదో లేదో తెలుపదు. మరియు ఒక చేతితో ఫేజును, ఇంకొక చేతితో న్యూట్రలును పట్టుకొన్నవానిని ఈ సాధనము కాపాడలేదు. కావున ఎర్తును కావలెను, ఆర్.సి.సి.బి.యు కావలెను. ఒకటి యున్నదని రెండవదానిని వదలరాదు.

తీగ, మీట, స్థలము

గీజరుకు మెయిను బోర్డునుండి ప్రత్యేకముగా తీగ రావలెను. దీపములకు వేసిన సన్నని తీగనుండి కొమ్మ తీసి గీజరునకిచ్చుట, బండి మోయవలసిన బరువును మనిషి నెత్తిన పెట్టుట వంటిది. 2000 వాట్ల గీజరుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను వేయుట వాడుక. 3000 వాట్ల యంత్రము 13 ఆంపియర్లు తీసికొనును గావున, దూరము ఎక్కువైనచో 4 చదరపు మిల్లీమీటర్ల తీగ మేలు. సాకెట్టు 16 ఆంపియర్లది కావలెను. ఫ్యానులకు, దీపములకు వాడు 6 ఆంపియర్లది కారాదు.

స్విచ్చి స్నానపు గది బయట, తలుపు ప్రక్కన ఉండవలెను. అది ఫేజును న్యూట్రలును రెండింటిని ఒక్కసారిగా విడదీయు “డబుల్ పోలు” రకమైనచో శ్రేష్ఠము. ఎఱ్ఱదీపము గలదైనచో ఆపినదియు లేనిదియు చూడగనే తెలియును. యంత్రమును నీటి తుంపరలు పడని యెత్తున, ఇటుకగోడకు బిగింపవలెను. 25 లీటర్ల యంత్రము నిండినప్పుడు నీటి బరువే 25 కిలోలు. దానికి తన బరువు తోడగును. పలుచని అడ్డుగోడలు దానిని మోయలేవు.

పనివాని నెంచుకొనుట

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు కొందరు పెరటిలో “హాట్ టబ్” అను వేడినీటి తొట్టి పెట్టించుకొనుచున్నారు. దానికి సామాన్యముగా 240 వోల్టుల ప్రత్యేకమైన తీగ వేయుదురు. అక్కడి విద్యుత్ నియమావళి ప్రకారము, ఆ తొట్టికి విద్యుత్తును ఆపు స్విచ్చి తొట్టికి కనుచూపులోనే, కాని కనీసము ఐదడుగుల దూరమున ఉండవలెను. నీటిలో నున్నవారికి అందరాదు. విద్యుత్తు దారితప్పినప్పుడు ఆపివేయు సాధనము అక్కడ సుమారు 5 మిల్లీ ఆంపియర్లకే పనిచేయును. సాధారణముగా ముందు నగరమువారి యనుమతి పొందవలెను. పని అయిన తరువాత తనిఖీ అధికారి వచ్చి చూచి ఒప్పుకొనిన పిమ్మటనే వాడుకొందురు.

మన దేశమునందును చట్టము లేకపోలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023వ సంవత్సరమున ప్రకటించిన భద్రతా నిబంధనల ప్రకారము, బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుట వంటి చిన్న పనులు తప్ప, ఇంటి వైరింగును పెంచుట, మార్చుట మొదలగు పనులను లైసెన్సుగల కాంట్రాక్టరు ద్వారా, పర్మిటు పొందినవారిచే చేయింపవలెను. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను వైర్‌మన్ పర్మిట్ల నిచ్చుటకు ప్రభుత్వపు లైసెన్సింగు బోర్డులు కలవు. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియను విద్య రెండేండ్లు నేర్పుదురు. కాని పాత యింటిలో క్రొత్తగా గీజరు తగిలించుకొన్నప్పుడు ఏ అధికారియు మన స్నానపు గదికి వచ్చి చూడడు. ఆ తనిఖీ అధికారి పదవిని గృహిణియే వహింపవలెను. పనివాడు వచ్చు వేళకు ఇంట నుండునది చాలమారు ఆమెయే. తరువాత ఆ గదిలో పిల్లలకు నీళ్ళు పోయునదియు ఆమెయే.

గీజరు తెచ్చి గొట్టములు బిగించిన ప్లంబరే విద్యుత్తు తీగను గూడ తగిలించిపోవుట మనవైపు వాడుక. నీటి పని వేరు, విద్యుత్తు పని వేరు. ఎలక్ట్రీషియనును వేరుగా పిలిపింపుడు. రాగానే పర్మిటు చూపుమని మర్యాదగా అడుగుడు. తెలిసినవాడు కోపగించుకొనడు. తరువాత ఈ విధముగా అడుగవచ్చును: “బాబూ, ఈ యింటికి ఎర్తు గుంట ఎక్కడుందో చూపించు. గీజరుకు తీగ మెయిను నుంచి విడిగా వేస్తావా, ఉన్నదానిలోనుంచి తీస్తావా? ఎంత మందము తీగ? ఆర్.సి.సి.బి. ఎన్ని మిల్లీ ఆంపియర్లది?” పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు సంతోషించును. “అవన్నీ మీకెందుకమ్మా” అని త్రోసివేయువానికి మజ్జిగ యిచ్చి సాగనంపుటయే మంచిది.

కావలసిన సామానుల పట్టీని, కూలిని ముందుగనే కాగితముపై వ్రాయించుకొనుడు. తీగలోను బ్రేకరులోను బేరమాడి వాని చేత నాసిరకము తెప్పింపవద్దు. వస్తువులపై ఐ.ఎస్.ఐ. గుర్తును చూచుకొనుడు. అద్దె యిండ్లలో నుండువారు ఎర్తు విషయమును ముందుగనే యింటి యజమానునితో మాట్లాడి, అది సరియైన తరువాతనే గీజరు తెచ్చుకొనవలెను.

డబ్బు ఇచ్చుటకు ముందు

పని ముగిసిన తరువాత సొమ్ము చెల్లించుటకు ముందు ఈ క్రింది వానిని ఎలక్ట్రీషియనుచే చేయించి మీ కన్నులతో చూడుడు. మీరు స్వయముగా తీగలను ముట్టవద్దు.

మొదట, సాకెట్టు మూత తీయించి వెనుక మూడు తీగలు వేర్వేరుగా నున్నవా, ఎర్తుకును న్యూట్రలుకును నడుమ ముక్క తీగ ఏదైన కలదా యని చూడవలెను. ఎర్తు తీగ ఆకుపచ్చ రంగున, న్యూట్రలు నలుపు రంగున నుండుట మన వాడుక.

రెండవది, మీటరుతో కొలిపింపవలెను. ఫేజుకును న్యూట్రలుకును నడుమ 230 వోల్టుల ప్రాంతమున చూపవలెను. ఫేజుకును ఎర్తుకును నడుమ దాదాపు అంతే చూపవలెను. న్యూట్రలుకును ఎర్తుకును నడుమ ఏ రెండు మూడు వోల్టులో తప్ప ఉండరాదు. ముక్క తీగతో కలిపిన దొంగ ఎర్తు కూడ మీటరునకు మంచిదిగనే కనబడును. అందుచేతనే మూత తీయించి చూచుట ముందు చెప్పబడినది.

మూడవది, గీజరు సాకెట్టువద్ద ఫేజుకును ఎర్తుకును నడుమ పరీక్షదీపమును తగిలించుమనవలెను. తగిలించిన వెంటనే ఆర్.సి.సి.బి. పడిపోవలెను. పడినచో ఎర్తును, కావలివాడును ఇద్దరును సరిగా నున్నట్లే. దీపము వెలుగుచు నిలిచినచో ఎక్కడనో మోసము కలదు. దీపము వెలుగక, ఆర్.సి.సి.బి.యు పడకున్నచో ఎర్తు లేనట్లే.

నాలుగవది, వేడినీటి కుళాయి త్రిప్పి అందుండి నీరు ధారగా వచ్చిన తరువాతనే గీజరు స్విచ్చి వేయింపవలెను. ఖాళీ తొట్టిని వేడిచేసినచో లోపలి గొట్టము మాడిపోవును. తరువాత అరగంట నడిపి, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయించి చూడవలెను. గోరువెచ్చగా నున్నచో చింతలేదు. చేయి కాలునట్లున్నచో బిగింపు వదులుగా నున్నదన్న మాట.

వాడుకలో

15 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీల వరకు కాచుటకు 2000 వాట్ల గీజరు రమారమి పదునెనిమిది నిమిషములు తీసికొనును, దాదాపు 0.6 యూనిట్టు ఖర్చగును. కావున నీరు కాగిన పిమ్మట స్విచ్చి ఆపి, ఆపిన తరువాతనే స్నానమునకు పోవు అలవాటును పిల్లలకు నేర్పుడు. ఇది ఖర్చును తగ్గించును, ప్రాణమును కాపాడును. 60 డిగ్రీల నీరు పసివారి చర్మమును కొన్ని క్షణములలోనే బొబ్బలెక్కించును. బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేన్నీళ్ళు కలుపుడు. సున్నపు పొరను తీయించుటకు ఏడాది కొకసారి యంత్రమును విప్పించి చూపుడు.

గీజరు కొనలేనివారు బకెట్టులో ముంచు కడ్డీని వాడుదురు. దానికిని ఈ జాగ్రత్తలే చెల్లును. ఇనుప బకెట్టు వాడరాదు. నీరు కాగినదో లేదో యని వ్రేలు ముంచి చూడరాదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే బకెట్టును ముట్టుకొనవలెను. పనిమనిషికి ఈ సంగతిని నోటితో చెప్పుట చాలదు, ఒకసారి చేసి చూపవలెను. ఆమె ప్రాణమును మన యింటి బాధ్యతయే.

ఎవరికైన షాకు తగిలినచో వారిని చేతితో పట్టి లాగవద్దు. మొదట మెయినును ఆపవలెను. అది అందనప్పుడు, పొడి చెక్కపై నిలిచి ఎండు కర్రతో తీగను తప్పింపవలెను. వెంటనే 108కి కబురుచేయవలెను. ఊపిరి ఆడనిచో రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు నూరు మొదలు నూట యిరువది మారులు గట్టిగా నొక్కుచు, సహాయము వచ్చువరకు ఆపరాదు.

సోదరీమణులారా! ఇందు చెప్పిన సంగతులలో పెద్ద చదువు కావలసినది ఒక్కటియు లేదు. బియ్యములో రాళ్ళేరు కన్నులతో సాకెట్టు వెనుక మూడు తీగలను లెక్కపెట్టవచ్చును. గీజరు ఇప్పటికే యున్నవారు ఈ వారములోనే ఆర్.సి.సి.బి. మీటను నొక్కి చూడుడు. అది లేనివారు, ఎర్తు ఎక్కడనున్నదో తెలియనివారు, ఒక పూట ఎలక్ట్రీషియనును పిలిపించి చూపించుకొనునంత వరకు గీజరును ఆపియుంచుడు. నాలుగు దినములు పొయ్యిమీద నీళ్ళు కాచుకొనుటచే మనకు వచ్చు లోటు లేదు.